నూటయాభై డబ్బాల మీద నా పేరు

విజయనగరం,
మే 24

అత్తకి నమస్కారం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మన ఇంట్లో ఫోను ఎలా మాట్లాడతారో నీకు తెలుసు. నాన్న దాన్ని కొట్లో బల్లమీద పెట్టి, స్పీకరు నొక్కి, గరిటెలు తుడుస్తూ మాట్లాడతారు. నువ్వు శ్రీకాకుళంలో తుమ్మితే గంటస్తంభం దగ్గర బిందె బేరమాడుతున్నావిడ "చిరంజీవ" అంటుంది. నేను చెప్పాల్సింది అలా చెప్పే మాట కాదు.

ఎంసెట్ బాగానే రాశాను. ర్యాంకు వచ్చే నెల వస్తుంది. అది రాకముందే నాన్న కొట్టుకి వచ్చిన అందరికీ "మా అమ్మాయి కంప్యూటర్సండి" అని చెప్పేస్తున్నారు. పక్కనే కూర్చుని నేను గిన్నెల మీద పేర్లు కొడుతూ ఉంటాను. సెలవుల్లో ఆ పని నాదే. అక్షరాలు గుండ్రంగా వస్తాయని నాన్న అందరికీ చూపిస్తారు. పేర్లు కొట్టే మిషను చప్పుడులో నా మాట ఎవరికీ వినబడదు. మాటంటూ ఉంటే కదా వినబడడానికి.

నాకు కంప్యూటర్లు వద్దత్తా. మెటీరియల్స్ ఇంజనీరింగ్ చదవాలని ఉంది. ఇనుము, రాగి, గాజు, పింగాణీ, ప్లాస్టిక్కు, ఇవన్నీ ఎందుకు అలా ఉంటాయో, ఇంకోలా ఎలా చెయ్యొచ్చో చెప్పే చదువు అది. మెటలర్జీ అనే పేరుతో మన ఊళ్లోనూ ఉంది, విశాఖలోనూ ఉంది.

ఎందుకంటే చెప్తాను. పదో తరగతి సెలవుల్లో గురమ్మగారని ఒకావిడ విరిగిన కంచు కంచం తెచ్చింది. వాళ్ల అత్తగారి కాలం నాటిదట. చేతిలోంచి జారితే రెండు ముక్కలైంది. "ఎందుకిరిగిందయ్యా?" అని నాన్నని అడిగింది. "ఆయుష్షు తీరిందమ్మా" అన్నారు నాన్న. ముక్కల్ని తక్కెట్లో వేసి కొత్త కంచం ఇచ్చారు. ఆవిడ వెళ్లిపోయింది. విరిగిన అంచు నేను చూశాను. రవ్వలా ఉంది, అత్తా. బొంబాయి రవ్వలా గింజలు గింజలుగా. నున్నటి కంచం లోపల అదంతా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయుష్షు తీరడం అలా ఉండదనిపించింది. చిన్న ముక్క ఒకటి దాచుకున్నాను. కాన్వెంటు లైబ్రరీలో లోహాల పుస్తకం ఒకటి దొరికితే మూడుసార్లు చదివాను. సిస్టర్ నాలుగోసారి ఇవ్వనంది.

నాన్న ఎదురు చెప్పని మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే. నాన్నకి చెప్పవా?

జవాబు ఇంటికి రాయి, కొట్టుకి వద్దు. కొట్టుకి వస్తే నాన్న పైకి చదివేస్తారు.

నీ మేనకోడలు,
హర్షిత


శ్రీకాకుళం,
జూన్ 1

ఒసే కోడలు పిల్లా,

నీ ఉత్తరం మీ మావయ్య అందుకున్నాడు. కవర్లో వచ్చేవన్నీ కోర్టు కాయితాలేనని ఆయన నమ్మకం. నేను సదివి నవ్వాను. నవ్వితే ఆయనకి ఇంకా బయమేసింది.

మెటీరియల్ అంటే ఏటే? మా వీధిలో మూడు కొట్లకి ఆ బోర్డే ఉన్నాది. పంజాబీ డ్రెస్సుల బట్ట అమ్ముతారు. దానికి నాలుగేళ్ల సదువెందుకే గుంటా?

సరే, ఎకసెక్కం ఆపీసాను. మీ నాన్నకి నన్ను సెప్పమన్నావు. సెప్పను. నాకే తెల్దు కదా అదేటో, నేనెలాగ బేరం పెడతాను? మన కొట్టుకి గిన్నె కొనడానికొచ్చిన మనిషి ముందు ఏటి సేస్తాది? ఏలు మడిచి గిన్నె మీద కొట్టి ఇంటాది. మోగితేనే బేరం. మోగకపోతే పక్క కొట్టు. నువ్వు ముందు మోగు.

నేను కొడతన్నాను, ఇను. ఇత్తడి బిందె పడితే సొట్టపోతాది. కంచు కంచం పడితే ఇరిగిపోతాది. రెండిట్లోనూ రాగే కదా ఎక్కువ? నలబై ఏళ్లబట్టి సూస్తన్నాను, ఒక్కడూ ఎందుకో సెప్పలేదు. నువ్వు సెప్పు. సెప్పలేకపోతే నోరు మూసుకుని కంప్యూటర్లే సదువుకో. నోరు మూసుకోడం నీకెలాగూ అలవాటే.

అత్త


విజయనగరం,
జూన్ 9

అత్తకి,

మోగుతున్నాను. విను.

ఇత్తడి అంటే రాగిలో జింకు. కంచు అంటే రాగిలో తగరం. ఏ లోహమైనా లోపల చిన్న చిన్న గింజలే. గింజల్లో పొరలుంటాయి. దెబ్బ తగిలితే ఇత్తడిలో ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, పేకముక్కల కట్టని పక్కకి తోసినట్టు. అదే సొట్ట. కంచంలో తగరం బాగా ఎక్కువ. రాగీ తగరం కలిసి లోపల అక్కడక్కడా ఒక గట్టి పదార్థం అవుతుంది. అది జారదు. హల్వాని నొక్కితే గుంట పడుతుంది, వేరుశనగ అచ్చుని నొక్కితే ఫట్‌మంటుంది. అంతే తేడా. కంచు అంత బాగా మోగేదీ ఆ గట్టితనంవల్లే. మోగడం, విరగడం రెండూ ఒక చోటినుంచే వస్తాయి.

ఇప్పుడు నాకో అనుమానం. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే బిరుసెక్కుతుంది. కంచరివాళ్లు కంచాన్ని కాల్చి నీళ్లలో ముంచితే, పుస్తకం ప్రకారం, విరిగే గుణం తగ్గుతుంది. నీళ్లు అవే. నిప్పు అదే. ఇది నిజమేనా? మీ వైపు కంచరివాళ్లున్నారు కదా, అడిగి రాస్తావా?

ర్యాంకు వచ్చింది. మంచిదే. నాన్న బజారంతా మైసూరుపాకు పంచారు. "కంప్యూటర్సు ఖాయం" అన్నారు. ఎవరో "భోగాపురంలో విమానాశ్రయం వస్తోంది, అక్కడంతా కంప్యూటర్లే" అన్నారు. నేను మైసూరుపాకు తింటూ, దీన్ని నొక్కితే గుంట పడుతుందా, ఫట్‌మంటుందా అని ఆలోచించాను. ఫట్‌మంది. అమ్మ పాకం ముదిరిందని మొహం మాడ్చుకుంది.

నీ ఉత్తరం అమ్మే తీసి నా పుస్తకంలో పెట్టింది. ఏమీ అడగలేదు. నాకీ నోరు ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

హర్షిత


శ్రీకాకుళం,
జూన్ 17

కోడలా,

బస్సెక్కి కంచరోళ్ల ఊరెల్లాను. మీ మావయ్య "ఈ ఎండలో ఎక్కడికే?" అన్నాడు. "సదువుకోడానికి" అన్నాను. ఇంకేటీ అడగలేదు.

ఎర్రన్నని ఉన్నాడు, మన కొట్టుకి కంచాలేసే మనిషి. డెబ్బయ్యేళ్లుంటాయి. ఆడి సేతులు సూస్తే సుత్తికి కాళ్లొచ్చినట్టుంటాయి. నువ్వు రాసిన మాట అడిగాను. సుత్తి కింద పెట్టీసి నన్ను ఎగాదిగా సూసాడు.

"నీకెవలు సెప్పారమ్మా?" అన్నాడు.

"మా కోడలు. పద్దెనిమిదేళ్లు."

"నిజిమే. నీలల్లో ముంచకపోతే నాలుగు దెబ్బలకే ఇరిగిపోద్ది. ముంచితే మాటింటాది. కొడవలైతే తిరగేసి."

"ఎందుకు ఎర్రన్నా?"

"మా తాతనడిగాను సిన్నప్పుడు. సెంపమీద ఒకటిచ్చాడు. మళ్లీ అడగలేదు."

తరవాత మళ్లీ సుత్తి అందుకున్నాడు. నేను బస్సెక్కినప్పుడు ఎనకాలే వచ్చి, "మీ కోడలికి తెలిస్తే నాకూ సెప్పమ్మా" అన్నాడు.

ఇంకోటి. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలూ, సుట్టుపక్కల కాలేజీల పిల్లలూ హాస్టల్లో సేరేటప్పుడు బకెట్లు ఇక్కడ మా కొట్లోనే కొంటారు. ఈ వారం బకెట్టు కొన్న ప్రతి గుంటడినీ గుంటనీ "ఏటి సదువుతన్నావు? ఎందుకు తీసుకున్నావు?" అని అడిగాను. పదకొండుమంది. తొమ్మిదిమంది కంప్యూటర్లు. ఎందుకంటే అందరూ తీసుకున్నారని. పదోవాడు లెక్కలు, ఆడికి లెక్కలిష్టం. పదకొండోది బకెట్టు కొనకుండా ఎల్లిపోయింది, నన్ను సీఐడీ అనుకుని.

నువ్వు మోగావు. ఒప్పుకుంటన్నాను. కానీ మీ నాన్నకి మాత్రం నేను సెప్పను. ఎందుకని అడక్కు.

అత్త


విజయనగరం,
జూన్ 30

అత్తకి,

ఎందుకని అడగను. కానీ వినాలి. ఇక్కడ పెద్ద గొడవే అయింది. అయితే ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ప్రతి ఏడూ కొట్టు పెట్టిన రోజున మన ఖాతాదార్లకీ చుట్టాలకీ తలో చిన్న గిన్నె ఇస్తాం కదా. జూలై పదిన ఈసారి స్టీలు డబ్బాలు. నూటయాభై. నాన్న వాటిని నా ముందు పోసి, కాగితం మీద రాసిచ్చారు: "చి. హర్షిత, బి.టెక్ కంప్యూటర్స్." కొట్టమన్నారు. ఇంకా కాలేజీల ఆప్షన్లే పెట్టలేదు. అవి జూలై పదమూడు నుంచి పదహారు వరకు.

"ఇప్పుడే ఎందుకు నాన్నా?" అన్నాను. నిజంగా అన్నాను. సరిగ్గా అప్పుడే మిక్సీ జారు కోసం ఒకాయన వచ్చాడు.

ఇన్నాళ్లూ ఎంతమంది పేర్లు కొట్టానో. గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు. ఒక్కరి గురించీ ఇది నిజమా అని ఆలోచించలేదు. ఇప్పుడు నా పేరే నేను కొడుతున్నాను, అదీ అబద్ధం. రోజుకి ఇరవై చొప్పున నూట నాలుగు కొట్టాను. చెయ్యి తిమ్మిరెక్కింది. నూట అయిదోది తీసుకున్నాను. దాని మీద "చి. హర్షిత, బి.టెక్" వరకు కొట్టాక చెయ్యి ఆగింది. తరవాత "మెటీరియల్స్" అని కొట్టేసింది.

నేనే కొట్టాను. చెయ్యి కొట్టిందనడం పిరికితనం.

మిగిలిన నలభై అయిదూ కూడా అలాగే కొట్టాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అక్షరాలు కూడా ఇంకా గుండ్రంగా వచ్చాయి. దూరంనుంచి చూస్తే రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. కింద నూట నాలుగు, పైన నలభై ఆరు పేర్చాను. నాన్న వచ్చి పైది చేత్తో తడిమి, "ముత్యాల్లా ఉన్నాయమ్మా" అన్నారు. చదవలేదు.

ఇంకా పది రోజులుంది. దయచేసి నాన్నకి చెప్పు అత్తా.

హర్షిత


శ్రీకాకుళం,
జూలై 5

కోడలా,

ఉత్తరం రెండుసార్లు సదివాను. మొదటిసారి కడుపుబ్బా నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

ఎందుకు సెప్పనన్నానో ఇప్పుడు సెప్తాను. కంప్యూటర్ల మాట మీ నాన్నది కాదే. నాది.

నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటికొచ్చారు. పది రోజులున్నావు. నువ్వు మాట్టాడినవి మొత్తం ఆరు మాటలు, అందులో నాలుగు "వద్దత్తా". ఎల్లేటప్పుడు మీ నాన్న నన్ను పక్కకి పిలిచి "అక్కా, ఈ పిల్ల లోకంలో ఎలాగ బతుకుతాది?" అన్నాడు. ఆడి కళ్లల్లో నీళ్లు. నేను సూడలేక, నోటికొచ్చింది అనీసాను. "కంప్యూటర్లు సదివించరా. పొద్దున్నించి సాయంత్రందాకా పెట్టితో మాట్టాడుకోవచ్చు, మనుషుల్తో పనుండదు" అని. కంప్యూటరంటే నాకేటి తెలుసు? సినిమాల్లో సూసాను. అక్కడ అందరూ మాట్టాడకుండానే కూకుంటారు.

ఆ మాట ఆడు నాలుగేళ్లు మోసాడు. నీకోసమే మోసాడు.

ఇప్పుడు నేను ఫోన్ సేసి "ఒరే, కంప్యూటర్లొద్దు, మెటీరియల్సు" అంటే ఆడు సరేనంటాడు. ఒక్క నిమిషం పట్టదు. కానీ అప్పుడు అదీ నా మాటే అవుతాది. నీ సదువుకి రెండుసార్లు నేనే పేరు కొట్టినట్టుంటాది. నాకొద్దు. ఈసారి నువ్వే సెప్పాల. నోటితో సెప్తావో, డబ్బాతో సెప్తావో నీ ఇష్టం.

కోపమొస్తే తిట్టుకో. ఉత్తరంలో తిట్టు, నీకు అదే బాగా వస్తాది.

అత్త


విజయనగరం,
జూలై 8

అత్తకి,

కోపం వచ్చింది. నిన్న సాయంత్రానికి పోయింది.

నాన్న డబ్బాలన్నీ కట్టలు కట్టించేశారు. రెండు రకాలూ కలిసిపోయాయి. నీ వాటా ముప్ఫై రేపు బస్సులో వస్తాయి. మూడుసార్లు నాన్న దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మూడుసార్లూ "ఏమ్మా, ఆకలేస్తోందా?" అన్నారు. మూడుసార్లూ తిన్నాను.

హర్షిత


శ్రీకాకుళం,
జూలై 11

కోడలా,

డబ్బాలందాయి. పరిచి సూసాను. కంప్యూటర్లు పంతొమ్మిది, మెటీరియల్సు పదకొండు. మీ మావయ్య ఒకటి అటూ ఒకటి ఇటూ పట్టుకుని "హర్షితలు ఇద్దరున్నారా?" అన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేటుంది? నిన్నటిదాకా ఇద్దరే.

మీ నాన్న ఫోన్ సేసాడు, స్పీకర్లోనే. "అక్కా, అందాయా?" "అందాయిరా. నువ్వు సదివావా?" "నేను రాసిచ్చినవే కదక్కా, మళ్లీ సదవడమేటి?" నేను నాలిక కరుసుకున్నాను. ఎంత కష్టమో నీకు తెల్దు, నేను నీలాగ కాదు.

నేనింకా ఒక్క డబ్బా పంచలేదు. ఏ రకం పంచాలో నువ్వు రాసినదాకా బీరువాలో ఉంటాయి. అక్కడ నిన్న ఏమైందే? తొందరగా రాయి.

అత్త


విజయనగరం,
జూలై 17

అత్తకి,

వరసగా రాస్తాను. అంతా తేలాక రాస్తున్నాను, అందుకే ఆలస్యం.

పదో తారీఖు పదింటికి పంచడం మొదలుపెట్టారు. మోహనకృష్ణ మాస్టారు డబ్బా అందుకుని, కళ్లజోడు పైకి జరిపి, తరగతిలో చదివినట్టు చదివారు. "చిరంజీవి హర్షిత, బి.టెక్ మెటీరియల్స్. చాలా సంతోషం జగన్నాధం గారూ."

"కంప్యూటర్సండి మాస్టారూ. కళ్లజోడు మార్పించాలి" అన్నారు నాన్న.

మాస్టారు ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి. ఊరుకుంటారా? "అక్షరం నేను తప్పు చదవను" అని డబ్బా బల్ల మీద పెట్టారు. పక్క మందుల కొట్టు గోపిగారు తన డబ్బా చూసుకుని, "నాది కంప్యూటర్సేనండి" అని దాని పక్కన పెట్టారు. నాన్న రెండూ ఎత్తి చూశారు. కట్ట విప్పి మరో నాలుగు చూసి, రెండు కుప్పలు చేశారు. నా మిషను ఆగింది. నేనే ఆపాను.

"అమ్మా, ఇలా రా" అన్నారు. వెళ్లాను.

"ఇవి తప్పు కొట్టావా?"

"లేదు నాన్నా. అవి తప్పు."

కంప్యూటర్ల కుప్పకేసి వేలు చూపించాను. నా వేలే అది. నాన్న ఆ వేలుకేసి చూశారు.

"ఎప్పటినుంచి?"

"పదో తరగతి సెలవులనుంచి."

"మరి సెప్పలేదేటమ్మా?"

"చెబుదామనుకున్నప్పుడల్లా కొట్లో పదిమంది ఉన్నారు."

నాన్న చుట్టూ చూసి, "ఇప్పుడు ఇరవైమంది ఉన్నారు" అన్నారు.

"అవును నాన్నా."

మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. నాన్న నవ్వలేదు. డబ్బాలు పంచడం ఆపేసి, సాయంత్రం వస్తే చెంబులిస్తానని అందరినీ పంపేశారు. అవి పేరు లేని చెంబులు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోపంగా కూడా లేరు. నన్ను కొట్లో తేడాగా ఉన్న కంచాన్ని చూసినట్టు చూస్తున్నారు, మోగిద్దామా వద్దా అని. అమ్మ మొదటిసారి నోరు విప్పింది. "పిల్ల రెండేళ్లుగా లోహాల గురించే చదువుతోంది. నేను చూస్తూనే ఉన్నాను" అంది. అంతే. మళ్లీ మూసేసింది.

మూడో రోజు పొద్దున్న నాన్న స్కూటరు తీసి "ఎక్కు" అన్నారు. ఎక్కడికని అడగలేదు. ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీకి తీసుకెళ్లారు. గేటు దగ్గర "మా అమ్మాయి సదువుతానంటున్న సదువు సూడ్డానికి వచ్చాం" అన్నారు. ముందు అక్కడెవరికీ అర్థం కాలేదు. చివరికి దీపికగారని ఒక మేడం వచ్చి ల్యాబుకి తీసుకెళ్లారు. నాన్న అక్కడ కూడా ప్రతిదాన్నీ వేలు మడిచి కొట్టి చూశారు, కొలిమితో సహా. మేడం మైక్రోస్కోపు కింద చిన్న ఇత్తడి ముక్క పెట్టి, చూడమన్నారు. నున్నగా మెరుగుపెట్టి, పై పొరని కొంచెం తినేసే మందు రాసిన ముక్క.

నాన్న వంగారు. ఎంతసేపటికీ లేవలేదు.

"అమ్మా, ఇదేటి? పొలాలు, గట్లూ కనిపిస్తన్నాయి. పైనించి సూసినట్టు."

"అవే గింజలు నాన్నా. గట్లు వాటి హద్దులు."

"అన్నిట్లోనూ ఉంటాయా?"

"అన్ని లోహాల్లోనూ."

"నలభై ఏళ్లు అమ్మాను" అన్నారు నాన్న, కన్ను తియ్యకుండానే. "ఇరిగినవన్నీ తక్కెట్లో పడేశాను గానీ లోపల ఏటున్నాదో ఒక్కసారీ సూళ్లేదు." తరవాత మేడంతో, "భోగాపురం నించి విమానమెక్కితే మన పొలాలు ఇలాగే కనిపిస్తాయంటారా?" అన్నారు.

"కనిపిస్తాయండి. ఆ విమానం రెక్క కూడా ఇలాగే కనిపిస్తుంది" అన్నారు మేడం.

అప్పుడు నేను పెన్సిలు డబ్బాలోంచి గురమ్మగారి కంచం ముక్క తీసి మేడం చేతిలో పెట్టాను. నీళ్లలో ముంచడం సంగతీ, ఎర్రన్న సంగతీ అడిగాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. తల తిప్పి చూస్తే నాన్న మైక్రోస్కోపుని వదిలేసి నన్ను చూస్తున్నారు. నోరు కొంచెం తెరిచి.

తిరిగి వస్తూ స్కూటరు మీద అన్నారు. "అక్క నీకు మనుషుల్తో పనిలేని సదువు సెప్పించమంది. ఇక్కడైతే నువ్వు మాట్టాడతన్నావు కదే."

నిన్న ఆప్షన్లు పెట్టాను. మొదటిది మన ఊరు, రెండోది విశాఖ. మూడోది పెట్టలేదు. ఖాయం చెయ్యడానికి వచ్చే ఓటీపీ నాన్న ఫోనుకే వస్తుంది. ఫోను బల్లమీదుంది, నేను లోపల ఉన్నాను. నాన్న ఆరంకెలూ ఒక్కొక్కటే గట్టిగా చదివారు. మూడో అంకె "ఏడు" అనగానే బిందె కొంటున్నావిడ "ఏడా, రెండా?" అని అడిగింది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని రాసుంటుంది, అత్తా. మనది గంటస్తంభం దాకా వినబడింది.

హర్షిత

మరిచాను. తప్పు డబ్బాలు చెరపడానికి నా చదువులో మందుందా అని నాన్న అడిగారు. రుద్దితే పైన పోతాయిగానీ, దెబ్బ తిన్న లోహం లోపల అలాగే ఉంటుందనీ, మందు రాస్తే పేరు మళ్లీ పైకి తేలుతుందనీ పుస్తకంలో చదివింది చెప్పాను. "మీ అత్త మాటలాగన్నమాట" అన్నారు.


విజయనగరం,
ఆగస్టు 2

అత్తకి,

సీటు వచ్చింది. మన ఊళ్లోనే. స్కూటరు మీద పావుగంట.

మెటీరియల్స్ డబ్బాలు నువ్వు పంచెయ్యి. కంప్యూటర్లవి తిప్పి పంపు. ఇక్కడ మిగిలినవి నాన్న ఏం చేశారో విన్నావా? చెరిపించలేదు. వరసగా అలమారలో పేర్చారు. "ఈ రెండు జిల్లాల్లో కంప్యూటర్లు తీసుకున్న హర్షితలు లేకపోతారేటి?" అన్నారు. నాలుగు రోజుల్లో ఇద్దరొచ్చారు. ఒక హర్షిత వాళ్ల నాన్న నలభై పట్టుకెళ్లాడు, పేర్లు ముందే కొట్టి ఉన్నాయని మురిసిపోతూ. రెండో హర్షిత వాళ్ల నాన్నతో వచ్చింది. డబ్బాల కథ ముందే విన్నట్టుంది. మిషను దగ్గరికి వచ్చి, "మీకు నిజంగా లోహాలిష్టమా?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను. తనకేం ఇష్టమో అడిగాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను ఆగాను. మిషను కూడా ఆపాను. ఆమెకి మొక్కలంటే ఇష్టమట. ఇంటికెళ్లి చెప్తానంది. వాళ్ల నాన్న డబ్బాలు కొనకుండానే వెళ్లారు.

నాన్న నన్ను కోపంగా చూసి, తరవాత నవ్వారు.

హర్షిత


శ్రీకాకుళం,
ఆగస్టు 9

కోడలా,

కంప్యూటర్లు పద్దెనిమిది బస్సులో పంపిస్తన్నాను. ఒకటి ఉంచుకున్నాను. అందులో ఆవాలు పోసాను. తాళింపు ఏసినప్పుడల్లా, తెలియని సంగతి మీద మాట సెప్పకూడదని గుర్తుంటాదని. మెటీరియల్సు డబ్బా ఒకటి ఎర్రన్నకిచ్చాను. సదువు రాదు కదా, ఏలితో అక్షరాలు తడిమి, "బాగా కొట్టింది, లోతు సమంగా ఉన్నాది" అన్నాడు. ఆడు అంతకన్నా ఎవరినీ మెచ్చుకోగా నేనినలేదు.

ఆ నీళ్ల సంగతి నాలుగేళ్ల తరవాత సెప్తే ఆడు ఉంటాడో ఉండడో. మేడంగారు సెప్పింది నీకెంత తెలిస్తే అంత సెప్పు. ఆదివారం పొద్దున్న పది గంటలకి ఎర్రన్న మా ఇంటికొస్తన్నాడు. నేను ఫోన్ సేస్తాను. కొట్టు ఫోనుకే.

ఇంక ఉత్తరాలొద్దే. రాయాలనుంటే రాసుకో, నీ రాత నాకిష్టమే. కానీ ఆదివారం మాత్రం నాన్నని స్పీకరు నొక్కమను. బేరాలాడీవోళ్లని ఒక్క నిమిషం ఆగమను. గట్టిగా సెప్పు. ఎర్రన్నకి ఒక సెవే ఇనబడతాది, ఆ సెవి మీద ఆడి తాత కొట్టలేదు.

అత్త